ఫరంగ్ అంటే తెల్లవాడా, జామకాయా? ఒక థాయ్ మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకాక్ వచ్చే మనవాళ్ళు మొదటి రోజు హోటల్ గురించి అడుగుతారు, రెండో రోజు పెరుగన్నం గురించి. మూడో రోజుకి మాత్రం తప్పకుండా ఈ ఫరంగ్ దగ్గరకొస్తారు. పళ్ళ బండి దగ్గర ఒక అర్థం, టాక్సీలో ఇంకో అర్థం వినిపించేసరికి డౌట్ మొదలవుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే. మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టండి.

## మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు

ఫరంగ్ అంటే అసలేంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

రెండు అర్థాలు. ఒకటి, యూరప్ జాతి తెల్లవాళ్ళు. వాళ్ళది ఇంగ్లండైనా, రష్యా అయినా, ఆస్ట్రేలియా అయినా ఒకటే. రెండోది జామ. చెట్టుకీ కాయకీ కూడా అదే పేరు. ఇవి కాక, ఇంకో మాట వెనక చేరితే 'పడమటి దేశాల నుంచి వచ్చినది' అని అర్థం వస్తుంది. ఆహాన్ ఫరంగ్ అంటే తెల్లవాళ్ళ తిండి, నంగ్ ఫరంగ్ అంటే ఇంగ్లీషు సినిమా, ప్లేంగ్ ఫరంగ్ అంటే ఇంగ్లీషు పాట.

ఎలా పలకాలి? కొందరు 'ఫలంగ్' అంటున్నారు, ఏది కరెక్టు?

రాతలో రకారమే ఉంటుంది. వాడుకలో చాలామంది థాయ్‌లు 'ర'ని 'ల'గా పలుకుతారు కాబట్టి ఫలంగ్ అని వినిపిస్తుంది. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు ఫరంగ్ అనే అంటారు. రెండక్షరాలూ పొట్టివే, 'ఫరాంగ్' అని సాగదీయకూడదు. థాయ్ భాషలో స్వరస్థాయి మారితే అర్థం మారిపోతుంది. ఈ మాటలో రెండక్షరాలనూ గొంతు దించి, నింపాదిగా అనాలి. చివర 'గ్' కూడా మనం 'దొంగ'లో నొక్కినట్టు నొక్కరు. వాఙ్మయంలో ఉన్న 'ఙ' దగ్గరే ఆగిపోతారు. బళ్ళో నేర్చుకుని ఎక్కడా వాడని అక్షరం ఇక్కడ పనికొస్తుంది.

బయటి దేశం వాళ్ళందరినీ ఫరంగ్ అంటారా? మనల్ని కూడా?

మనల్ని అనరు. చాలామంది తెలుగువాళ్ళు ఇక్కడే పొరబడతారు. ఫరంగ్ అంటే 'విదేశీయుడు' అనే అర్థం ఎక్కడో చదివి, పళ్ళ బండి ఆవిడతో నవ్వుతూ 'నేను ఫరంగ్‌ని' అంటారు. ఆవిడ అయోమయంగా చూస్తుంది. లేదంటే జామకాయలు తూస్తుంది.

భారతీయులకు ఉన్న మాట 'ఖెక్'. అసలు అర్థం అతిథి. పెళ్ళికొచ్చిన చుట్టమూ ఖెక్కే, హోటల్లో దిగిన మనిషీ ఖెక్కే. అతిథి అనే అర్థంలోనే వాడే చైనీస్ మాట నుంచి వచ్చిందని చెబుతారు. మనుషుల జాతి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం భారతీయులు, మలయ్ ముస్లింలు, అరబ్బులు, ఇరానీలు అందరినీ కలిపి ఆ ఒక్క గంపలోనే వేస్తారు. బ్యాంకాక్ సీలోమ్ రోడ్డులో తమిళులు కట్టిన మహా ఉమాదేవి ఆలయాన్ని ఊరంతా 'వాట్ ఖెక్' అనే పిలుస్తుంది. వాట్ అంటే గుడి. టాక్సీ డ్రైవరుకి ఉమాదేవి పేరు చెబితే తికమక పడొచ్చు, వాట్ ఖెక్ అంటే నేరుగా తీసుకెళ్ళి దింపుతాడు.

అతిథి అనే అర్థం ఉందని మరీ మురిసిపోకండి. మొహం మీద అంటే ఆ మాట కాస్త మోటుగానే ఉంటుంది. మర్యాదగా మాట్లాడేవాళ్ళు 'ఖోన్ ఇండియా' అంటారు.

జపాన్, చైనా వాళ్ళు?

వాళ్ళూ ఫరంగ్ కాదు. జపాన్ వాళ్ళు యీపున్, చైనా వాళ్ళు జీన్. ఆఫ్రికా మూలాలున్నవాళ్ళని కొందరు ఫరంగ్ డమ్, అంటే నల్ల ఫరంగ్, అంటారు. అది మీరు అనుకరించాల్సిన మాట కాదు.

## మాట ఎక్కడిదా అని తవ్వేటప్పుడు

ఫ్రాన్స్‌ని థాయ్‌లో ఫరంగ్‌సేత్ అంటారు కదా. దాన్ని కుదిస్తే ఫరంగ్ వచ్చిందా?

థాయ్‌లను అడిగినా చాలామంది ఇదే చెబుతారు. వినడానికి నమ్మేలా ఉంటుంది, కానీ చుట్టాన్ని పట్టుకుని తల్లిని చేసిన కథ ఇది. ఫరంగ్‌సేత్ అనేది ఫ్రెంచివాళ్ళు తమను తాము పిలుచుకునే 'ఫ్రాన్సే' అనే మాటకి థాయ్ ఉచ్చారణ. ఫరంగ్ వేరే దారిలో, పర్షియన్ 'ఫరంగ్', 'ఫరంగీ' నుంచి వచ్చింది. ఫ్రెంచి మిషనరీలు పాత థాయ్ రాజధాని అయుత్థయలో దిగింది 1662లో. యూరప్ మనుషులు అంతకు నూటయాభై ఏళ్ళ ముందు నుంచే అక్కడ ఉన్నారు. ఇరాన్ నుంచి ఇథియోపియా దాకా, ఫ్రాన్స్‌తో పెద్దగా పని పడని దేశాల్లో కూడా ఇదే మాట ఉంది. కాకపోతే రెండు మాటలనూ వెనక్కి తవ్వుకుంటూ పోతే వేరు ఒకటే, ఫ్రాంక్.

ఆ ఫ్రాంకులు ఎవరు?

రోమ్ సామ్రాజ్యం కూలుతున్న రోజుల్లో ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఆక్రమించిన ఒక జెర్మానిక్ తెగ. వాళ్ళ రాజు షార్లమేన్‌కి 800లో రోమ్‌లో చక్రవర్తిగా కిరీటం పెట్టారు. ఫ్రాన్స్‌కి ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చింది. 1095లో మొదలైన క్రూసేడ్లలో పడమటి యూరప్ సైన్యాలు జెరూసలేం వైపు కదిలాయి. వాళ్ళలో నార్మన్లు, జర్మన్లు, ఇటలీ వాళ్ళు అందరూ ఉన్నారు. ఎదురు నిలబడిన అరబ్బులకి ఆ తేడాలతో పనేముంది? అందరినీ కలిపి 'ఇఫ్రంజ్' అనేశారు. పర్షియన్‌లో అది ఫరంగ్ అయింది. ఉత్తరాదివాళ్ళు దక్షిణాదిని మొత్తం కలిపి 'మద్రాసీ' అన్న రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది చటుక్కున అర్థమవుతుంది.

పర్షియన్ మాట థాయ్‌లాండ్ దాకా ఎలా వెళ్ళింది?

ఓడల్లో. అందులో మన మచిలీపట్నానికీ వాటా ఉంది.

అప్పటి థాయ్ రాజ్యానికి రాజధాని అయుత్థయ. హిందూ మహాసముద్రపు వర్తకంలో పర్షియన్ తెలిసినవాళ్ళు ఎక్కడ చూసినా ఉండేవారు. 17వ శతాబ్దపు గోల్కొండలో దర్బారు భాష పర్షియనే, మచిలీపట్నం రేవులో పెద్ద వర్తకుల్లో ఇరానీలు ఎక్కువ. అక్కడి నుంచి కలంకారీ బట్టలతో బయల్దేరిన ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గుయి, తెనాసెరిమ్ రేవులకి చేరేవి. ఇవాళ అవి మయన్మార్‌లో ఉన్నాయి కానీ అప్పట్లో సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజువే. అక్కడ సరుకు దించి కొండలు దాటించి అయుత్థయకి తీసుకెళ్ళేవారు.

అయుత్థయలో ఇరానీల పలుకుబడి మామూలుగా ఉండేది కాదు. కోమ్ నగరం నుంచి 1600 ప్రాంతంలో వచ్చిన షేక్ అహ్మద్ అనే వర్తకుడు రాజుగారి కొలువులో పెద్ద పదవికి ఎదిగాడు. థాయ్‌లాండ్‌లో పేరున్న బున్నాగ్ వంశం ఆయన సంతతే. నారాయ్ రాజు రోజుల్లో, 1685లో, ఇరాన్ షా పంపిన రాయబారులు అయుత్థయకి బయల్దేరారు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ రాయబారి అదే ఏడు అక్కడ దిగాడు. మాట తెచ్చినవాళ్ళూ, ఆ మాట అనిపించుకున్నవాళ్ళూ దాదాపు ఒకే కాలంలో ఒకే దర్బారు మెట్లెక్కారన్నమాట.

ఈ వర్తకం ప్రశాంతంగా ఏమీ సాగలేదు. 1680ల్లో మెర్గుయి రేవు పెత్తనం సంపాదించిన శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు సయాం జెండా కింద గోల్కొండ వర్తకుల ఓడల మీద పడి దోచాడు.

థాయ్‌లాండ్‌లో మొట్టమొదట ఫరంగ్ అనిపించుకున్నది ఎవరు?

పోర్చుగీసువాళ్ళు. 1511లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ ఇప్పటి మలేషియాలోని మలక్కా రేవుని పట్టుకోగానే దువార్తె ఫెర్నాందెస్‌ని అయుత్థయకి దూతగా పంపాడు. ఆ దర్బారుకి వెళ్ళిన మొదటి యూరప్ దూత అతనే. 1516లో ఒప్పందం కుదిరింది. వర్తకం చేసుకోనిచ్చారు, బదులుగా తుపాకులు తీసుకున్నారు. ఆ తర్వాత డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు వచ్చారు. పేరు మాత్రం కొత్తది వెతకలేదు.

పక్క దేశాల్లో కూడా ఈ మాట ఉందా?

ఉంది, కానీ ఎక్కడికక్కడ అర్థం కాస్త జరిగింది. లావోస్‌లో ఫలంగ్, కంబోడియాలో బరాంగ్ అంటారు. రెండూ ఫ్రాన్స్ పాలించిన దేశాలు కాబట్టి అక్కడ ముందుగా ఫ్రెంచివాళ్ళే గుర్తొస్తారు. మలేషియాలో పెనాంగ్ వెళ్ళినవాళ్ళు బతు ఫెరింగీ బీచ్ చూసే ఉంటారు, ఆ ఫెరింగీ ఇదే. మయన్మార్‌లో పాత పోర్చుగీసు ఫిరంగి సైనికుల సంతతిని బయింజీ అంటారు. మింగ్ రాజుల నాటి చైనాలో 'ఫోలాంగ్జీ' అంటే పోర్చుగీసువాడు, వాడు తెచ్చిన ఫిరంగి కూడా.

## బజారులో, తిండి దగ్గర

జామకాయకి తెల్లవాడి పేరేంటండీ?

జామ ఆసియా పంట కాదు, అమెరికా ఖండాలది. పోర్చుగీసు, స్పెయిన్ ఓడలు దాన్ని ఇటు తెచ్చాయి. తెచ్చినవాడి పేరే పండుకి పెట్టేశారు. మామూలుగా 'ఫరంగ్‌ల పండు' అని మొదలై తర్వాత పొట్టిగా మారాలి. ఇక్కడ ఎంత పొట్టిదైందంటే మనిషికీ పండుకీ తేడా మిగల్లేదు. తెల్లవాడు జామకాయ కొరుకుతుంటే పక్కనున్న థాయ్ 'ఫరంగ్ కిన్ ఫరంగ్' అని నవ్వుతాడు. ఫరంగ్ ఫరంగ్‌ని తింటున్నాడని. ఈ జోకుకి ఎంత వయసుందో గానీ కొత్త తెల్లవాడు దిగినప్పుడల్లా మళ్ళీ పుడుతుంది.

బండి మీద ముక్కలు కోసి, ఉప్పూ కారం చక్కెర కలిపిన పొడి పొట్లంతో ఇస్తారు. మనకి అలవాటైన రుచే, చక్కెర ఒక్కటే ఎక్కువ. పచ్చ రంగులో మెరిసిపోయే ముక్కలు కనిపిస్తే అవి ఫరంగ్ ఛె బుయ్, తీపి పులుపు నీళ్ళలో నానబెట్టినవి. నాకైతే ఉత్తదే ఇష్టం.

మనిషికీ కాయకీ ఒకటే మాటైతే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

లెక్కపెడితే తెలిసిపోతుంది. మనం 'రెండు కాయలు' అంటాం, 'ఇద్దరు మనుషులు' అంటాం. థాయ్‌లో అంకె మారదు, అంకె తర్వాత వచ్చే లెక్కమాట మారుతుంది. మనుషులకి 'ఖోన్', పళ్ళకి 'లూక్'. ఫరంగ్ సోంగ్ ఖోన్ అంటే ఇద్దరు తెల్లవాళ్ళు, ఫరంగ్ సోంగ్ లూక్ అంటే రెండు జామకాయలు. లెక్క లేని చోట సందర్భమే దిక్కు. కిలో ఎంత అని అడిగితే మనిషి గురించి అని ఎవరూ అనుకోరు.

మెనూ కార్డులో చాలా చోట్ల ఫరంగ్ అని ఉంది. అన్నీ జామకాయ వంటలేనా?

కాదు, కంగారు పడకండి. థాయ్‌లో విశేషణం నామవాచకం తర్వాత వస్తుంది. ఏ మాట వెనక ఫరంగ్ ఉందో చూడండి. మన్ అంటే దుంప, కాబట్టి మన్ ఫరంగ్ అంటే బంగాళదుంప. నొమాయ్ అంటే వెదురు మొలక, నొమాయ్ ఫరంగ్ అంటే ఆస్పరాగస్. ఫక్ చీ అంటే కొత్తిమీర, ఫక్ చీ ఫరంగ్ అంటే రంపపు పళ్ళ అంచులున్న పొడుగాటి ఆకు, వాసన కొత్తిమీర కన్నా ఘాటు. వీటిలో ఏదీ జామ కాదు.

ఇరాన్‌లోనూ సరిగ్గా ఇదే పద్ధతి. టమాటాని గొజే ఫరంగీ అంటారు, అంటే ఫరంగీ ప్లమ్ పండు. స్ట్రాబెర్రీ తూత్ ఫరంగీ, ఫరంగీ మల్బరీ అన్నమాట. మాటతో పాటు దాన్ని వాడే ఒడుపు కూడా రెండు దేశాల్లో ఒకేలా ఉంది.

చూయింగ్ గమ్‌ని మాక్ ఫరంగ్ అంటారట, మాక్ అంటే ఏంటి?

వక్క. మనలాగే థాయ్‌లు కూడా తరతరాలుగా తాంబూలం నమిలినవాళ్ళు. 1940ల్లో ఫిబూన్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం అది నాగరికం కాదని తాంబూలం మాన్పించే పని పెట్టుకుంది. ఊరికే నములుతూ ఉండే కొత్త వస్తువు కనిపిస్తే దానికి 'తెల్లవాళ్ళ వక్క' కంటే మంచి పేరు ఏముంటుంది? ఈ జాబితాలో నాకు బాగా నచ్చిన మాట ఇది. మనం చూయింగ్ గమ్ అని ఉన్నదున్నట్టు తీసుకున్నాం, వాళ్ళు చూసి పేరు పెట్టుకున్నారు.

ఖనోమ్ ఫరంగ్ కుదీ చీన్ తినమన్నారు. అదేంటి?

బ్యాంకాక్ నదికి అవతల, థోన్‌బురీ వైపు, సాంతా క్రూజ్ చర్చి పక్కన కుదీ చీన్ అనే పాత పేట ఉంది. అయుత్థయ పతనమయ్యాక అక్కడికి వచ్చి స్థిరపడిన పోర్చుగీసు సంతతి కుటుంబాలు చేసే చిన్న కేకు అది. ఖనోమ్ అంటే పిండివంట. మైదా, బాతుగుడ్డు, చక్కెర బాగా గిలకొట్టి, పైన ఎండుద్రాక్ష చల్లి కాలుస్తారు. గుడ్డు తినని వాళ్ళు కొనకండి.

ఈశాన్య థాయ్‌లాండ్‌లో జామకి సీతమ్మ పేరు పెట్టారంటే నిజమేనా?

అవును. ఈసాన్ ప్రాంతంలో, లావోస్‌లో జామని మాక్ సీదా, బాక్ సీదా అంటారు (ఇక్కడ మాక్ అంటే వక్క కాదు, పండు). థాయ్ రామాయణమైన రామకియెన్‌లో సీత పేరు సీదా, రాతలో కూడా తేడా లేదు. అమెరికా నుంచే వచ్చిన ఇంకో పండుని మనం సీతాఫలం అన్నాం కదా! ఇక ఈసాన్ వాళ్ళ చమత్కారం చూడండి. బ్యాంకాక్‌లో జామ పేరుతో తెల్లవాణ్ణి పిలుస్తున్నారు కాబట్టి తమ జామ పేరుతో తామూ పిలుద్దామని, తెల్లవాణ్ణి 'బాక్ సీదా' అంటారు. దక్షిణ థాయ్‌లాండ్‌లో మళ్ళీ వేరు. జామ అక్కడ చొంఫూ. అది మన సంస్కృత జంబు.

## మనుషుల దగ్గర వాడేటప్పుడు

ఫరంగ్ అనడం తిట్టా?

మామూలుగా కాదు. థాయ్ పత్రికల్లో, ఇళ్ళల్లో మంచీ చెడూ లేకుండా వాడతారు. ముందు 'ఐ' చేరిస్తే మాత్రం మన 'గాడు' చేర్చినట్టే. 2020 ఫిబ్రవరిలో, కరోనా మొదలైన కొత్తలో, అప్పటి ఆరోగ్యమంత్రి అనుతిన్ బ్యాంకాక్‌లో మాస్కులు పంచుతుంటే కొందరు తెల్లవాళ్ళు తీసుకోలేదు. ఆయన కెమెరాల ముందే ఫరంగ్‌లను వెళ్ళగొట్టాలని మండిపడ్డారు, తర్వాత ఆవేశపడ్డానని క్షమాపణ చెప్పారు. అక్కడ జనానికి తప్పుగా తోచింది మంత్రి గొంతు, మాట కాదు.

ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటూ, థాయ్ గడగడా మాట్లాడే తెల్లవాళ్ళ బాధ వేరు. ఇంటి పక్కవాళ్ళు కూడా పేరు వదిలేసి 'ఆ ఫరంగ్' అంటుంటే వాళ్ళకి మనసు చివుక్కుమంటుంది. అందులో న్యాయం ఉందనే నేను అనుకుంటాను.

ఫరంగ్ ఖీ నొక్ అంటే బూతా?

'పిట్టరెట్ట జామ'. పిట్టలు తిని గింజలు ఎక్కడ పడేస్తే అక్కడ మొలిచే, ఎర్ర గుజ్జు చిన్న నాటు జామని అలా అంటారు. దాన్నుంచే మాసిన బట్టలతో, పైసా తీయకుండా తిరిగే తెల్లవాడికి ఆ పేరు పడింది. పండు గురించి అయితే ధైర్యంగా అనొచ్చు, మనిషి గురించి అయితే వద్దు.

మరి మర్యాదగా ఏమనాలి?

విదేశీయుడు అనడానికి చావ్ తాంగ్ ఛాత్, పడమటి దేశాల మనిషి అనడానికి చావ్ తవన్ తోక్. ఆఫీసు ఉత్తరాల్లో ఇవే రాస్తారు. పేరు తెలిస్తే ముందు 'ఖున్' చేర్చండి, అది మన 'గారు'.

మాది అమెరికా పౌరసత్వం. మేం ఫరంగ్ అవుతామా?

అవ్వరు. పాస్‌పోర్టు చూసి అనే మాట కాదిది, మొహం చూసి అనేది. డాలస్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లకి తెలుగు రాకపోయినా ఇక్కడ ఖెక్కే. మా బంధువుల అబ్బాయి దీని మీద ఒక టాక్సీ డ్రైవరుతో అరగంట వాదించాడు. డ్రైవరు అంతా శ్రద్ధగా విని, దిగేటప్పుడు 'నమస్తే' అన్నాడు.

## తెలుగులోకి తిరిగొచ్చాక

మన పరంగి, ఫిరంగి కూడా ఇదే మాటా?

ఇదే. పాత తెలుగులో పరంగివాళ్ళు అంటే పోర్చుగీసువాళ్ళు, ఆ తర్వాత యూరప్ వాళ్ళందరూ. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్‌ని తమిళులు పరంగిమలై అంటారు. మలయాళంలో జీడిమామిడి పరంగిమావు. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో ఫిరంగ రోగం అంటే సిఫిలిస్, పోర్చుగీసువాళ్ళతో వచ్చిందని ఆ పేరు. దానికి వాడిన మందు దినుసుల్లో ఒకటి, మన ఆయుర్వేదం కొట్లలో దొరికే పరంగి చెక్క. గుంటూరు దగ్గర ఫిరంగిపురం పేరులో ఉన్నదీ ఈ మాటే.

ఫిరంగి అంటే గుండ్లు పేల్చే తోపు ఎలా అయింది?

థాయ్‌లకి ఫరంగ్ పేరు చెబితే పండు గుర్తొచ్చింది, మనకి తోపు. ఎవరికి ఏది ఇస్తే అదే పేరయింది. దక్కనులో ఫిరంగీ అంటే నిటారుగా ఉండే యూరప్ రకం కత్తి కూడా.

ఆలుగడ్డల ముందు, కూరల ముందు చేర్చే ఇలాంటి మాట తెలుగులో ఉందా?

పరంగి కంటే బాగా సరిపోయేది మన 'సీమ'. సీమ చింతకాయ, సీమ వంకాయ, సీమ టపాకాయ, సీమ పంది. బయటి నుంచి వచ్చిన కొత్తదాన్ని ఇంట్లో ఉన్న పాతదానితో పోల్చి, ముందు 'సీమ' తగిలిస్తాం. థాయ్‌లు వెనక ఫరంగ్ తగిలిస్తారు. ఇంగ్లీషు కూరగాయలు అని క్యారెట్‌నీ బీన్స్‌నీ పిలిచే మన రైతుబజారు మాట కూడా ఈ కోవలోదే.

హైదరాబాద్‌లో పెద్ద పెద్ద 'థాయ్ జామ' అమ్ముతున్నారు. దాన్ని థాయ్‌లాండ్‌లో ఏమంటారు?

కిమ్ జూ, పెన్ సీ థోంగ్ లాంటి రకాల పేర్లు చెబుతారు. రకం తెలియకపోతే ఉత్త ఫరంగ్. అక్కడ తెల్లవాడిది, ఇక్కడ థాయ్‌వాడిది.